ఇరవై రెండేళ్ల ఖాళీ

2023 డిసెంబర్ 18, సోమవారం రాత్రి. సియాటిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 17-13తో ముందుంది. ఎదుటి జట్టు సీహాక్స్ తన గీతకు ఎనిమిది గజాల దూరంలో ఇరుక్కుపోయింది. గెలవాలంటే 92 గజాలు దాటాలి. పాస్‌లు విసిరే వాళ్ల అసలు క్వార్టర్‌బ్యాక్ జీనో స్మిత్ గాయంతో ఆడటం లేదు. బంతి అతని బదులు దిగిన డ్రూ లాక్ చేతిలో ఉంది.

లాక్ ఒక్కో పాస్‌తో మైదానాన్ని కొరుక్కుంటూ వచ్చాడు. చివరికి 29 గజాల దూరం నుంచి ఎండ్ జోన్‌లోకి బంతిని ఎత్తి విసిరాడు. సీహాక్స్ కొత్త కుర్రాడు జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా దాని కిందికి పరిగెత్తాడు. అతన్ని కాయాల్సినవాడు ఈగల్స్ కార్నర్‌బ్యాక్ జేమ్స్ బ్రాడ్‌బెరీ. పక్కనే ఉన్నాడు, కానీ చెయ్యి అందలేదు. టచ్‌డౌన్. గడియారంలో 28 సెకన్లు. ఈగల్స్ 20-17తో ఓడిపోయింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్‌ది అన్యాయమైన ఉద్యోగం. బంతి అందుకోవాల్సిన రిసీవర్‌కు తను ఎటు తిరగబోతున్నాడో ముందే తెలుసు. కార్నర్‌బ్యాక్‌కు తెలియదు. వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాడి నడుము చూసి దారి ఊహించాలి. చొక్కా పట్టుకుంటే ఫౌల్. యాభై సార్లు సరిగ్గా కాసినా ఎవరికీ కనిపించదు. ఒక్కసారి తప్పితే లక్షల మంది చూస్తుండగా తప్పుతుంది.

బ్రాడ్‌బెరీకి ఇది కొత్త కాదు. అంతకు పది నెలల ముందు, 2023 ఫిబ్రవరి 12న, అరిజోనాలో కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో సూపర్ బౌల్. స్కోరు 35-35. ఆట చివరి రెండు నిమిషాల్లో అతను రిసీవర్ జుజు స్మిత్-షుస్టర్ చొక్కా లాగాడని రెఫరీ ఫౌల్ జెండా విసిరాడు. చీఫ్స్ ఆ అవకాశంతో 38-35గా గెలిచింది. లాగిన మాట నిజమేనని ఆట అయ్యాక బ్రాడ్‌బెరీయే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి నేను టోపీ తీస్తాను. ఫిలడెల్ఫియా అభిమానులు తీసినట్టు లేరు.

సియాటిల్ ఓటమికి ముందురోజే ఇంకొకరి మీద వేటు పడింది. డిఫెన్స్ నడిపే బాధ్యతను ఈగల్స్ షాన్ దేశాయ్ నుంచి తీసి మ్యాట్ పాట్రీషియాకు అప్పగించింది. దేశాయ్ ఈ ఆట లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కోఆర్డినేటర్ స్థాయికి ఎదిగిన మొదటి భారత సంతతి కోచ్. ఫిలడెల్ఫియాలోనే టెంపుల్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసినవాడు. ఆ జులైలో తానా మహాసభలు జరిగిన నగరం అది. అక్కడి మనవాళ్లలో ఎంతమంది దేశాయ్ పేరు విన్నారో! వరుసగా శాన్ ఫ్రాన్సిస్కో, డాలస్ చేతుల్లో చిత్తవ్వడంతో నింద అతని మీద పడింది. అతను తప్పులే చేయలేదని కాదు. కానీ అతనికిచ్చిన సరంజామా చూడండి: ముప్ఫై దాటిన ఇద్దరు కార్నర్లు డేరియస్ స్లే, బ్రాడ్‌బెరీ, మధ్యలో కాయాల్సిన అవాంటే మాడక్స్ సీజన్ మొదట్లోనే గాయపడ్డాడు. సియాటిల్ ఆట నాటికి స్లే కూడా మోకాలి ఆపరేషన్‌తో పక్కకు తప్పుకున్నాడు. ఆదేశాలిచ్చే మనిషిని మార్చారు, ఆదేశాలు అందుకునే కాళ్లు అవే. 10-1తో మొదలైన జట్టు ఆ తర్వాత ఏడింట్లో ఒక్కటే గెలిచి, 2024 జనవరిలో టాంపా బేలో 32-9తో ఇంటిముఖం పట్టింది. పాస్‌లు ఆపడంలో లీగ్‌లోని 32 జట్లలో దాని స్థానం 31.

ఈ జబ్బు ఒక్క ఏడాదిది కాదు. కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్‌లో ఈగల్స్ మొదటి రౌండ్‌లో కార్నర్‌బ్యాక్‌ను తీసుకుని అప్పటికి 22 ఏళ్లు. 2002లో లిటో షెపర్డ్‌ను, రెండో రౌండ్‌లో షెల్డన్ బ్రౌన్‌ను తీసుకున్నారు. ఆ జంట ఏళ్ల తరబడి రెండు వైపులా కాసింది. తర్వాత మాత్రం, మొదటి రౌండ్ అంటే ఎక్కువగా లైన్‌మెన్‌కే, కార్నర్ కావాలంటే బజారుకే. 2011లో నామ్డీ అసోముగాను అయిదేళ్లకు ఆరు కోట్ల డాలర్లకు తెచ్చారు, రెండేళ్లకే వదిలేశారు. 2015లో బైరన్ మాక్స్‌వెల్‌ను అంతకంటే పెద్ద ఒప్పందంతో తెచ్చారు, ఏడాదికే మయామీకి పంపేశారు. స్లే, బ్రాడ్‌బెరీ కొంతకాలం బాగానే ఆదుకున్నారు. కానీ బజారులో దొరికే కార్నర్ అప్పటికే సగం పరుగు పరిగెత్తేసినవాడు.

2024 జనవరిలో డిఫెన్స్ పగ్గాలు విక్ ఫాంజియోకు దక్కాయి. ఇక మిగిలింది మనుషుల వేట.

ఏప్రిల్ 25, డెట్రాయిట్. డ్రాఫ్ట్ మొదటి రాత్రి. మన ఐపీఎల్ వేలంలా డబ్బున్నవాడు చెయ్యెత్తితే కుదరదు ఇక్కడ. వరుస ప్రకారం వంతులు; ఆ ఏడాది మొదటి రౌండ్‌లో ఒక్కో జట్టుకు పది నిమిషాలు ఇచ్చారు. ఈగల్స్ వంతు 22. జట్టుకు ఏం కావాలో ఊరందరికీ తెలుసు. జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ పైకి ఎగబాకే బేరాలకు పేరుమోసినవాడు. ఈసారి ఎవరికి ఏమిచ్చి ముందుకు జరుగుతాడోనని అందరి చూపూ అతని మీదే.

అతను కదల్లేదు.

మొదటి 14 వంతుల్లో ఒక్క డిఫెన్స్ ఆటగాడి పేరూ పిలవలేదు. ఎన్ఎఫ్ఎల్ చరిత్రలోనే అలా ఎన్నడూ జరగలేదు. అందులో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లే. పదిహేనో వంతులో ఇండియానాపోలిస్ ఆ వరుస తెంచింది, కానీ తీసుకున్నది ఎడ్జ్ రషర్‌ను. ఆ తర్వాత లైన్‌లో ఆడేవాళ్లు, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లు. 21 పేర్లు అయిపోయాయి. కార్నర్‌బ్యాక్ ఒక్కడూ లేడు!

22: క్వినియాన్ మిచెల్, టొలీడో యూనివర్సిటీ.

ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి కార్నర్ అతనే. ఫ్లోరిడాలోని విలిస్టన్ కుర్రాడు. కాలేజీలో చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడాడు కాబట్టి పెద్దవాళ్ల ముందు నిలుస్తాడా అని అనుమానించారు. 2022లో నార్తర్న్ ఇల్లినాయ్ మీద ఒకే ఆటలో నాలుగు పాస్‌లు కాజేసి, రెండింటిని టచ్‌డౌన్లు చేసినా ఆ అనుమానం పోలేదు. సీనియర్ బౌల్ శిబిరంలో పెద్ద కాలేజీల రిసీవర్లను కట్టడి చేసి, తర్వాత 40 గజాలు 4.33 సెకన్లలో పరిగెత్తి చూపించాక పోయింది.

మర్నాడు రోజ్‌మన్ అసలు రూపం బయటపడింది. రెండో రౌండ్‌లో అతని చేతిలో 50, 53 వంతులున్నాయి. అవి రెండూ, వెనకాల మరొకటీ కలిపి వాషింగ్టన్‌కిచ్చి 40కి ఎగబాకాడు. అయోవా కుర్రాడు కూపర్ డిజీన్ కోసం. కాలి ఎముక విరిగి కాలేజీ ఆఖరి సీజన్ మధ్యలోనే ఆగిపోయినవాడు, మొదటి రౌండంతా పిలుపు కోసం చూసినవాడు. వరుసగా రెండు వంతులూ కార్నర్‌బ్యాక్‌లకే! 41లో న్యూ ఆర్లీన్స్ కూడా కార్నర్‌నే తీసుకుంది. మొదటి రాత్రి ఓపికకు కొంత అదృష్టం కలిసొచ్చిందంటాను. రెండో రాత్రి దూకుడు మాత్రం పూర్తిగా రోజ్‌మన్‌దే.

తర్వాతి కథ త్వరగా జరిగింది. మిచెల్ మొదటి ఆట నుంచే బయటి వైపు కాశాడు. లీగ్ దశలో పాస్ కాజేసిన ఇంటర్‌సెప్షన్ ఒక్కటీ లేకపోయినా అతని వైపు బంతి వెళ్లడమే కష్టమైంది. తొడ కండరం పట్టేసి వెనకబడ్డ డిజీన్ అక్టోబర్‌లో మధ్య స్థానంలోకి వచ్చాడు. అడుగునున్న డిఫెన్స్, ప్రత్యర్థులకు ఇచ్చిన గజాల లెక్కలో లీగ్‌లో మొదటి స్థానానికి వచ్చింది.

2025 ఫిబ్రవరి 9, న్యూ ఆర్లీన్స్. సూపర్ బౌల్‌లో మళ్లీ అదే చీఫ్స్. ఈగల్స్ 10-0తో ముందుంది. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ను ఈగల్స్ ముందువరస వరసగా రెండుసార్లు నేలకూల్చింది. మూడో ప్రయత్నంలో అతను కుడివైపు పరిగెడుతూ మైదానం మధ్యలోకి బంతి విసిరాడు. డిజీన్ ముందుకు దూకి అందుకున్నాడు. 38 గజాలు. టచ్‌డౌన్. ఎన్ఎఫ్ఎల్‌లో అతని మొదటి ఇంటర్‌సెప్షన్ అది. ఆ రోజే అతనికి 22 నిండాయి. ఈగల్స్ 40-22తో కప్పు గెలిచింది.

నెల తిరిగేసరికి 34 ఏళ్ల స్లేను విడుదల చేశారు. మిచెల్‌కు ఎదుటివైపు స్థానం ఖాళీ అయింది. రోజ్‌మన్ మళ్లీ బజారుకే వెళ్లి అడోరీ జాక్సన్‌ను ఏడాది ఒప్పందం మీద తెచ్చాడు. ఆ ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో కార్నర్‌బ్యాక్ వంతు వచ్చేసరికి అయిదో రౌండ్ అయింది.