డి.డి.టి. - రొమ్ము క్యాన్సర్: ఒక పరిశోధన ప్రశ్న చరిత్ర

వ్యాస సంగ్రహం:
రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన డి.డి.టి. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌కు కారణమవుతుందా అనే ప్రశ్నపై అమెరికాలో అర్ధ శతాబ్దానికి పైగా పరిశోధనలు జరిగాయి. 1993లో అవునన్నట్లు కనిపించిన సమాధానం 2002 నాటికి కాదన్నట్లుగా మారింది. 2007 తర్వాత ప్రశ్నే మారిపోయింది. ‘శరీరంలో ఎంత రసాయనం ఉంది?’ అన్న ప్రశ్న నుంచి ‘అది ఏ వయసులో చేరింది?’ అన్న ప్రశ్నకు పరిశోధన ఎలా చేరుకుందో ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: డి.డి.టి., రొమ్ము క్యాన్సర్, ఈస్ట్రోజెన్, హార్మోన్ విఘాత రసాయనాలు, రేచెల్ కార్సన్, లాంగ్ ఐలాండ్, ఓక్లండ్.

1. ఉపోద్ఘాతం:
రొమ్ము క్యాన్సర్‌కూ స్త్రీ శరీరంలోని అంతఃస్రావాలకూ సంబంధం ఉందన్న ఊహ చాలా పాతది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ వృత్తులవల్ల కలిగే వ్యాధులపై 1700లో వెలువరించిన గ్రంథంలో, సన్యాసినులలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తున్నదని గుర్తించాడు. 1896లో స్కాట్లండ్ శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, అండాశయాలను తొలగిస్తే కొందరు రోగులలో రొమ్ము కణితి తగ్గుముఖం పడుతుందని ప్రకటించాడు. అండాశయాల నుంచి వెలువడే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పాత్ర ఆ తర్వాతి దశాబ్దాలలో స్పష్టమయింది.

శరీరంలో పుట్టే హార్మోనే వ్యాధిని ప్రభావితం చేయగలిగితే, దానిని అనుకరించే రసాయనం బయటినుంచి వచ్చి చేరినప్పుడు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన ప్రయత్నాలలో డి.డి.టి. చరిత్ర ప్రధానమైనది. ఆ చరిత్రలో ఒక పరిశోధన ఫలితాన్ని మరొకటి కాదన్నట్లు పైకి కనిపిస్తుంది. నిజానికి ఆ పరిశోధనలు వేరువేరు ప్రశ్నలు వేశాయని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. డి.డి.టి. ప్రస్థానం:
ఆస్ట్రియాకు చెందిన రసాయన శాస్త్ర విద్యార్థి ఓత్‌మార్ జైడ్లర్ 1874లోనే డి.డి.టి.ని తయారుచేశాడు. దానికి కీటకాలను చంపే గుణం ఉందని 1939లో కనుగొన్నవాడు స్విట్జర్లండ్‌కు చెందిన పాల్ ముల్లర్. 1943-44 శీతాకాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో టైఫస్ వ్యాధిని అరికట్టడానికి లక్షలాది ప్రజల ఒంటిపై ఈ పొడిని చల్లారు. 1945లో అమెరికాలో పౌరుల వాడకానికి విడుదలయింది. 1948లో ముల్లర్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దీని మేలును తక్కువచేసి చూడడం చరిత్రకు న్యాయం కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది మరణించేవారని అధికారిక అంచనా. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఇంటింటి గోడలపై డి.డి.టి. చల్లారు. 1965 నాటికి నమోదైన కేసులు సుమారు లక్షకు పడిపోయాయి. ఊళ్లోకి మందు కొట్టేవాళ్లు వస్తే గోడలు అప్పగించిన తరానికి అది ప్రాణరక్షణ. అయితే అమెరికాలో దీనిని పంటలపైన, అడవులపైన, నివాస ప్రాంతాలపైన కూడా విమానాలతో చల్లారు. అక్కడ 1959లో వాడకం పరాకాష్ఠకు చేరి ఏడాదికి సుమారు 8 కోట్ల పౌండ్లు అయింది.

3. తొలి సంకేతాలు:
డి.డి.టి.కి హార్మోన్ స్వభావం ఉందన్న సంకేతం 1950లోనే లభించింది. బర్లింగ్టన్, లిండెమన్ అనే పరిశోధకులు కోడిపుంజు పిల్లలకు డి.డి.టి. ఎక్కించి చూశారు. వాటి వృషణాలు సరిగా ఎదగలేదు. తలపై జుట్టు, మెడకింది తిత్తి వంటి మగ లక్షణాలూ కుంచించుకుపోయాయి. ఈ రసాయన నిర్మాణానికి డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌తో పోలిక ఉందని కూడా వారు గమనించారు. 1968లో బిట్‌మన్ బృందం డి.డి.టి.లోని ఒక రూపం, అంటే ఓ,పి-డి.డి.టి., ఎలుకల గర్భాశయంపై ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని చూపింది. వాడుకలోని డి.డి.టి.లో ఈ రూపం దాదాపు 15 శాతం ఉంటుంది.

ఈ రెండు పరిశోధనల నడుమ, 1962లో, రేచెల్ కార్సన్ రచించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ వెలువడింది. పక్షుల మరణాల గురించిన గ్రంథంగానే అది ప్రసిద్ధి పొందినా, అందులో క్యాన్సర్‌పై ప్రత్యేక అధ్యాయం ఉంది. పురుగుమందులు కాలేయాన్ని దెబ్బతీస్తే, ఈస్ట్రోజెన్‌ను అదుపులో ఉంచే దాని శక్తి తగ్గుతుందని ఆమె అందులో వాదించింది. ఆ గ్రంథరచన కాలంలోనే, 1960లో, ఆమెకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. శత్రువులు తన వాదాన్ని రోగి ఆవేదనగా కొట్టిపారేస్తారని ఆమె తన వ్యాధిని బహిరంగపరచలేదు. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట మరణించింది. ఆమె వ్యాధికి డి.డి.టి. కారణమని చెప్పడానికి ఆధారం లేదు. శాస్త్ర చరిత్రలో ఆమె స్థానానికి అటువంటి ఆధారం అవసరమూ లేదు. 1972లో అమెరికా ప్రభుత్వం వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించింది.

4. అవును నుంచి కాదు దాకా (1993 - 2002):
శరీరంలో చేరిన డి.డి.టి. క్రమంగా డి.డి.ఇ. అనే పదార్థంగా మారి, కొవ్వులో దశాబ్దాలపాటు నిలిచి ఉంటుంది. అందువల్ల రక్తంలోని డి.డి.ఇ.ని కొలిస్తే ఆ వ్యక్తి గతాన్ని తెలుసుకోవచ్చని పరిశోధకులు భావించారు. 1993లో మేరీ వోల్ఫ్ బృందం న్యూయార్క్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో చేరిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 58 మందినీ, రాని 171 మందినీ పోల్చింది. డి.డి.ఇ. అత్యధికంగా ఉన్నవారికి అత్యల్పంగా ఉన్నవారికంటే సుమారు నాలుగు రెట్లు ముప్పు ఉందని తేలింది. ఈ ఫలితం అమెరికాలో సంచలనం కలిగించింది.

మరుసటి ఏడాదే నాన్సీ క్రీగర్ బృందం కాలిఫోర్నియాలో 150 మంది రోగులను, 150 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. మొత్తంమీద అటువంటి సంబంధం కనిపించలేదు. 1997లో నర్సుల ఆరోగ్య అధ్యయనంలోని 236 మంది రోగుల పరిశీలనలోనూ అదే ఫలితం వచ్చింది.

ఈ చర్చకు లాంగ్ ఐలాండ్ ప్రధాన వేదికయింది. న్యూయార్క్ నగరానికి తూర్పున ఉన్న ఈ ప్రాంతంపై 1957లో చెట్లను తినే గొంగళిపురుగుల నివారణకు విమానాల నుంచి డి.డి.టి. చల్లారు. స్థానికులు న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయారు. కార్సన్‌ను గ్రంథరచనకు పురికొల్పిన సంఘటనలలో ఆ వ్యాజ్యం ఒకటి. మూడు దశాబ్దాల తర్వాత, తమ ప్రాంతంలో రొమ్ము క్యాన్సర్ ఎందుకు ఎక్కువగా ఉందో తేల్చాలని అక్కడి మహిళా సంఘాలు ఉద్యమించాయి. ఫలితంగా 1993లో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ప్రత్యేక అధ్యయనాన్ని ఆదేశించింది. 2002లో దాని ఫలితాలు వెలువడ్డాయి. 646 మంది రోగుల రక్తాన్ని 429 మంది ఇతరుల రక్తంతో పోల్చగా డి.డి.ఇ.కీ వ్యాధికీ సంబంధం కనబడలేదు. ఏళ్లతరబడి పోరాడిన స్త్రీలకు ఇది నిరాశ కలిగించింది. ప్రశ్న ముగిసిపోయిందని పలువురు భావించారు.

5. వయసు అనే ప్రశ్న:
ప్రశ్న ముగియలేదనడానికి ఆధారాలు అప్పటికే ఇతర రంగాలలో ఉన్నాయి. హిరోషిమా, నాగసాకి అణుబాంబు దాడులనుంచి బయటపడిన స్త్రీలలో, బాల్య కౌమారాలలో వికిరణానికి గురైనవారికే రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేలింది. రొమ్ములోని కణజాలం రూపుదిద్దుకునే వయసులో దెబ్బకు తట్టుకునే శక్తి తక్కువ. గర్భిణులకు దశాబ్దాలపాటు ఇచ్చిన డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ కథ కూడా ఇదే చెబుతుంది. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్‌బ్స్ట్ బృందం, యోనిలో అరుదైన క్యాన్సర్ వచ్చిన 8 మంది యువతులను పరిశీలించింది. వారిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఆ మందు వాడారు. మందు మింగినది తల్లి, వ్యాధి బయటపడినది ఇరవై ఏళ్ల తర్వాత కూతురిలో.

ఈ దృష్టితో చూస్తే 1990లలోని అధ్యయనాల పరిమితి అర్థమవుతుంది. నలభై, యాభై ఏళ్లు దాటాక తీసిన రక్తంలోని డి.డి.ఇ. ఎంత మిగిలిందో చెబుతుంది గాని, అది ఎనిమిదేళ్ల వయసులో చేరిందో ముప్పై ఏళ్ల వయసులో చేరిందో చెప్పదు.

ఆ లోటును తీర్చినది ఓక్లండ్‌లో భద్రపరచిన రక్తం. 1959-67 మధ్య జేకబ్ యెరుషాల్మీ నేతృత్వంలో 20,000కు పైగా గర్భధారణలను నమోదుచేసి, తల్లుల రక్తాన్ని నిల్వచేశారు. డి.డి.టి. వాడకం ముమ్మరంగా ఉన్న కాలమది. కనుక ఆ రక్తంలో డి.డి.ఇ.తోపాటు అసలు డి.డి.టి.ని కూడా కొలవగలిగారు. 2007లో బార్బరా కోన్ బృందం, యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 129 మందిని అంతేమంది ఇతరులతో పోల్చింది. 1945 నాటికి 14 ఏళ్లు నిండనివారిలో, రక్తంలో పి,పి-డి.డి.టి. ఎక్కువగా ఉన్నవారికి ముప్పు ఐదు రెట్లు ఉంది. 1945 నాటికే ఆ వయసు దాటినవారిలో సంబంధమే లేదు. రెండు వర్గాలనూ కలిపి చూసి ఉంటే ఈ తేడా మరుగునపడేది.

2015లో అదే బృందం ఆ తల్లుల కుమార్తెలను పరిశీలించింది. తల్లి రక్తంలో ఓ,పి-డి.డి.టి. అత్యధికంగా ఉన్న కుమార్తెలకు, 52 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు నాలుగు రెట్లని తేలింది. 1968లో ఎలుకలలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసినట్లు గుర్తించిన రూపం ఇదే కావడం గమనార్హం.

అయినా అంతిమ తీర్పు వెలువడలేదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డి.డి.టి.ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. కాని రొమ్ము క్యాన్సర్ విషయంలో బలమైన సంబంధం కనబడలేదని, చిన్నతనంలో తాకిన రసాయనం పాత్ర మాత్రం తేలవలసి ఉందని పేర్కొంది.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. 1993 - 2002 మధ్య వెలువడిన అధ్యయనాలు ‘పెద్ద వయసులో రక్తంలోని డి.డి.ఇ. ముప్పును సూచిస్తుందా?’ అన్న ప్రశ్నకు సమాధానమిచ్చాయి. బాల్యం గురించి అవి ఏమీ చెప్పలేదు. సంబంధం కనబడలేదనడం, హాని లేదని నిరూపించడం ఒకటి కావు.

2. ఓక్లండ్ ఫలితాలు ముఖ్యమైనవే అయినా, అవి ఒకే ప్రాంతపు స్త్రీలలో కొద్దిమందికి సంబంధించినవి. వాటిని తుది నిరూపణగా చూపడం కూడా తొందరపాటే.

3. రసాయన భద్రతను పెద్దల శరీరంపై మోతాదుతో కొలవడం చాలదు. గర్భం, బాల్యం, కౌమారం అనే దశలను విడిగా పరిశీలించాలి.

4. ఇటువంటి ప్రశ్నలకు సమాధానం దశాబ్దాల ముందే సిద్ధపడినప్పుడు మాత్రమే దొరుకుతుంది. ఓక్లండ్‌లో రక్తం దాచినవారు డి.డి.టి. కోసం దాచలేదు. మన దేశంలో ఇంటింటా డి.డి.టి. చల్లడం 1953లో మొదలుకాగా, భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం 1981లో ప్రారంభమయింది. వ్యవసాయంలో డి.డి.టి.ని 1989లో నిషేధించినా ఇతర పురుగుమందుల వాడకం కొనసాగుతూనే ఉంది. పత్తి, మిరప చేలలో కలుపు తీసే స్త్రీలు, వారి వెంట వెళ్లే ఆడపిల్లలు ఈనాడు వేటికి గురవుతున్నారో ఇప్పుడే నమోదు చేస్తేనే, ముప్పై ఏళ్ల తర్వాతి పరిశోధకులకు చదవడానికి ఆధారం మిగులుతుంది.