ఊపిరితిత్తుల వైద్యుడూ, ఆదాయపన్ను శాఖా

ఢిల్లీలో చలికాలపు పొగ కమ్ముకోగానే ఊపిరితిత్తుల వైద్యుల గదుల ముందు బారులు పెరుగుతాయి. ఉబ్బసం, సీఓపీడీ తేలికగా వదిలే జబ్బులు కావు. చీటీలో ఒకసారి ఒక ఇన్‌హేలర్ బ్రాండు పడిందంటే రోగి తరచుగా ఏళ్ల తరబడి దానినే కొంటాడు. మందుల కంపెనీలకు ఆ వైద్యుడి కలం మీద అంత మక్కువ అందుకే. ఎవరి వద్దకు వెళ్లాలా అని ఆలోచించే రోగికి వైద్యుడి డిగ్రీ, రిజిస్ట్రేషన్ భారత వైద్య రిజిస్టరులో దొరుకుతాయి. ఏ కంపెనీ ఖర్చుతో ఏ సదస్సుకు వెళ్లివచ్చాడన్నది ఎక్కడా దొరకదు.

అమెరికా 2010లో సన్‌షైన్ చట్టం చేసింది. 2014 సెప్టెంబరు చివరి నుంచి అక్కడ వైద్యుడి పేరుతో వెతికితే కంపెనీలు పెట్టిన భోజనాలు, ప్రయాణ ఖర్చులు, ఉపన్యాస రుసుములు సైతం కనబడతాయి. భారతదేశం వెల్లడిని కాక నిషేధాన్ని ఎంచుకున్నది. 2009 డిసెంబరులో భారత వైద్య మండలి తన 2002 నాటి నియమావళిని సవరించి కానుకలు, ప్రయాణాలు, ఆతిథ్యం, నగదు పుచ్చుకోరాదన్నది. పుచ్చుకునే చేయి మండలి పరిధిలోనిది, ఇచ్చే చేయి కాదు. పైగా 2016 సవరణలో వైద్యుల సంఘాలను ఆ నిషేధం నుంచి తప్పించారు. సదస్సులు నిర్వహించేది ఆ సంఘాలే కదా!

ఈ చరిత్రలో కాస్త గట్టిగా నిలిచినది ఆరోగ్య శాఖ కాదు, పన్ను శాఖ. కానుకల ఖర్చును వ్యాపార వ్యయంగా చూపి మినహాయింపు కోరడం చెల్లదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2012 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. జింకోవిట్ ప్రచారం కోసం వైద్యులకు కానుకలిచ్చిన అపెక్స్ లేబొరేటరీస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2022 ఫిబ్రవరి 22న ఓడిపోయింది. ఉచితమనే ఈ కానుకల ధర చివరకు మందు ధరలో కలిసి రోగి మీదనే పడుతుందని జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ ధర్మాసనం గుర్తించింది.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న తెచ్చిన కఠిన నియమాలు వైద్య సంఘాల నిరసన నడుమ మూడు వారాలకే నిలిచిపోయాయి. 2024 మార్చిలో కంపెనీల కోసం కొత్త మార్కెటింగ్ కోడ్ వచ్చింది. ఫిర్యాదులు విచారించేది మాత్రం కంపెనీల సంఘాలే వేసుకున్న కమిటీలు.

ఆ ఏడాదే 30 మంది వైద్యులను పారిస్, మొనాకోలకు పంపినందుకు ఆబ్‌వీ అనే కంపెనీని కేంద్ర ఔషధ విభాగం తప్పుపట్టింది. వెళ్లినది సౌందర్య చికిత్సల సదస్సులకు. ఊపిరితిత్తుల వైద్యానికి వాటితో సంబంధం లేదు, పద్ధతి మాత్రం అదే. కంపెనీకి పడినది మందలింపు. వైద్యుల సంగతి వైద్య కమిషన్‌కు అప్పగించి, పన్ను లెక్క తేల్చమని మళ్లీ ప్రత్యక్ష పన్నుల బోర్డునే కోరారు.