నోరెండితే వయసు మీదికి నెట్టవద్దు

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నోరెండుతోందని, నీరసం తగ్గలేదని మన ఆనందపురం పెన్షనర్ల ఇళ్లలో, ముఖ్యంగా ఆడవారి నోట, వింటుంటాం. ఆ రెంటికీ సంబంధముందని తెలియడానికి వైద్యులకు దశాబ్దాలు పట్టింది.

1912లో జపాన్ వైద్యుడు హషిమోటో నలుగురు స్త్రీలలో ఒక కొత్త థైరాయిడ్ వ్యాధిని వర్ణించారు. 1933లో స్వీడన్ నేత్రవైద్యుడు షోగ్రెన్ కళ్లు ఎండిపోయిన 19 మంది స్త్రీలను పరిశీలించి, అది కంటితో ఆగే జబ్బు కాదని చెప్పారు. 1956లో లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో సొంత థైరాయిడ్‌కే ఎదురుతిరిగే ప్రతిరక్షకాలను కనుగొంది. షోగ్రెన్ వ్యాధిలోనూ శరీర రక్షణశక్తే లాలాజల గ్రంథులను దెబ్బతీస్తుందని తరువాత తేలింది. కనుక రెండూ ఒకరికే రావచ్చు.

మధుమేహం, కొన్ని బి.పి., అలర్జీ మందులు కూడా నోరెండేలా చేస్తాయి. రక్తహీనత నీరసం తెస్తుంది. మాత్ర మోతాదు సొంతంగా పెంచక, మందులన్నిటి జాబితాతో డాక్టరుగారిని కలవండి. కళ్లలో ఇసుక పడ్డట్టున్నా, కీళ్లు నొప్పెట్టినా తప్పక చెప్పండి.