తిరిగొచ్చినవాడి లెక్క

క్రికెట్‌కు పేరుపడ్డ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక బేస్‌బాల్ ఆటగాడి చరిత్ర ఈసారి చెప్పుకుందాం.

పీటర్ మోయ్లన్‌ది పెర్త్ ప్రాంతం. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ, ఈయన పిచర్. 1996లో, పద్దెనిమిదేళ్ళు నిండకముందే, అమెరికాలోని మిన్నెసోటా ట్విన్స్ జట్టు తీసుకుంది. కింది స్థాయి పోటీల్లో రెండు సీజన్లు ఆడించి, 1998లో పంపించేసింది. ఊరికి తిరిగొచ్చి మెడికల్ రెప్ అయ్యాడు. ఆట మాత్రం వదల్లేదు. నడుము దెబ్బతిన్నాక, బంతిని భుజం మీదుగా కాక పక్కనుంచి విసరడం మొదలుపెట్టాడు. వేగం గంటకు 90 మైళ్ళు దాటింది.

2006 మార్చిలో మొదటి ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్‌లో ఆస్ట్రేలియాకు ఆడాడు. అది చూసి అట్లాంటా బ్రేవ్స్ జట్టు పిలిచింది. ఏప్రిల్ 12న మేజర్ లీగ్‌లో దిగాడు. అప్పటికి వయసు 27. మరుసటి ఏడు 80 ఆటల్లో బంతి విసిరాడు. ఆయన లెక్కలో పడ్డ పరుగులు తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.80 మాత్రమే.

మన ఇళ్ళల్లోనూ బయటూరికి పోయి, పని నిలవక తిరిగొచ్చిన పిల్లలున్నారు. సంబంధాల మాటల్లో 'వాడు తిరిగొచ్చినవాడు' అని పక్కన పెట్టేది మనమే. ఇరవై ఏళ్ళకే ఎవరి లెక్కా మూసెయ్యకుండా ఉందాం.