హ్యాండిల్ నుంచి బటన్ దాకా: కారు ఇంజన్‌ను స్టార్ట్ చేసే పద్ధతి చరిత్ర

ఇంధనాన్ని తన సిలిండర్లలోనే మండించి శక్తిని పుట్టించే అంతర్దహన ఇంజన్ విద్యుత్ మోటారు వలె నిశ్చల స్థితి నుంచి తనంతట తాను కదలలేదు. వెలుపలి బలంతో పిస్టన్ కదిలి, గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని లోనికి పీల్చి, దానిని అదిమిపెట్టిన తరువాతనే మొదటి దహనం సాధ్యమవుతుంది. ఆ తొలి కదలికను ఎవరు, దేనితో ఇవ్వాలన్న ప్రశ్నకు కాలక్రమంలో దొరికిన సమాధానాలే కారును స్టార్ట్ చేసే పద్ధతి చరిత్ర.

కార్ల్ బెంజ్ 1886లో జర్మనీలో పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి వెనుక భాగాన అడ్డంగా అమర్చిన బరువైన ఫ్లైవీల్‌ను చేతితో తిప్పితే ఇంజన్ అందుకునేది. తరువాతి కార్లలో ఆ పనిని ముందు భాగంలో దూర్చి తిప్పే ఇనుప హ్యాండిల్‌కు అప్పగించారు. 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కారును స్టార్ట్ చేయాలంటే హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగ్‌కు ఎడమవైపున్న మీటతో, మిశ్రమాన్ని అంటించే స్పార్క్‌ను ఆలస్యం చేసి, కుడి మీటతో ఇంధనాన్ని కొద్దిగా వదిలి, రేడియేటర్ దగ్గరి తీగను లాగి చోక్ ఇచ్చి, ఆ తరువాత హ్యాండిల్ అందుకోవలసి వచ్చేది. చోక్ అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించి మిశ్రమంలో ఇంధనం పాలు పెంచే ఏర్పాటు. చల్లని ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక దాని అవసరం కలిగింది.

ఈ క్రమంలో స్పార్క్‌ను ఆలస్యం చేయడం మరిచిపోతే ప్రమాదం తప్పేది కాదు. పిస్టన్ పైకొసకు చేరకముందే మిశ్రమం అంటుకుంటే ఇంజన్ వెనక్కు తిరిగి, హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్టు విరిగేది. ముంజేతి ఎముక చివర ఏర్పడే ఒక రకపు పగులుకు వైద్యశాస్త్రంలో 'షోఫర్ ఫ్రాక్చర్' అన్న పేరు స్థిరపడడానికి ఈ దెబ్బలే కారణం. అందుకే బొటనవేలిని పిడి చుట్టూ బిగించక తక్కిన వేళ్ల పక్కనే ఉంచి, హ్యాండిల్‌ను కిందినుంచి పైకి మాత్రమే లాగాలన్న నియమం ఏర్పడింది. హ్యాండిల్ అవసరం లేని బ్యాటరీ కార్లకు ఆ రోజుల్లో ఆదరణ లభించడానికి ఇదీ ఒక కారణమే. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ సైతం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే నడిపేవారు.

ఇంజన్‌ను తిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దదిగా ఉంటుందన్న అభిప్రాయాన్ని అమెరికాలోని డేటన్ పట్టణానికి చెందిన చార్లెస్ కెటరింగ్ తోసిపుచ్చాడు. అంతకుముందు నగదు లెక్కించే యంత్రాలకు విద్యుత్ మోటారు అమర్చిన అనుభవంతో, కొద్ది సెకన్లు మాత్రమే పనిచేయవలసిన మోటారు చిన్నదైనా తన స్థాయికి మించిన భారాన్ని మోయగలదని అతడు గ్రహించాడు. 1912 నమూనా కాడిలాక్ కార్లలో చేరిన ఆ పరికరం ఇంజన్‌ను కదిలించిన తరువాత జనరేటరుగా మారి బ్యాటరీని నింపేది. 1919 నాటికి మోడల్ టి కార్లకూ విద్యుత్ స్టార్టరు వచ్చింది. స్టార్టరును ఎక్కువసేపు ఆపకుండా తిప్పకూడదని నేటికీ చెప్పే మాటకు మూలం కెటరింగ్ సూత్రంలోనే ఉంది: కొన్ని సెకన్ల కోసం రూపొందిన మోటారు అంతకుమించి తిరిగితే వేడెక్కి కాలిపోతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

స్టార్టరు వచ్చినా డ్రైవరు నేర్పు అవసరం తీరలేదు. 1949లో క్రిస్లర్ సంస్థ తాళంచెవి తిప్పడంతోనే స్టార్టరు పనిచేసే ఏర్పాటు తెచ్చినా, చోక్ పట్టు మాత్రం డ్యాష్‌బోర్డు మీద చాలాకాలం నిలిచింది. తెలుగునాట అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నడిపిన తరం చోక్ లాగి, యాక్సిలరేటర్‌ను ఒకటి రెండుసార్లు తొక్కి, సెల్ఫ్ కొట్టి, ఇంజన్ వేడెక్కేదాకా నిలిపి ఉంచేది. బ్యాటరీ దిగిపోతే డిక్కీలోని హ్యాండిల్‌కు పని పడేది, లేదా నలుగురు కలిసి బండిని తోసేవారు. యాక్సిలరేటర్ తొక్కడం వట్టి అలవాటు కాదు, ఆ తొక్కుకు, గాలిలో పెట్రోలును కలిపే కార్బురేటర్‌లోని చిన్న పంపు నిజంగానే కొంత పెట్రోలు చిమ్మేది. అతిగా తొక్కితే స్పార్క్ ప్లగ్గులు తడిసి ఇంజన్ మొరాయించేది.

ఈ నేర్పును అనవసరం చేసినది ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో బాష్ సంస్థ వ్యవస్థతో విస్తృత వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతిలో ఉష్ణోగ్రతను, లోనికి వెళ్లే గాలిని సెన్సార్లు కొలవగా, ఎంత ఇంధనం చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కాలుష్య నియమాలు కఠినమైన కొద్దీ భారతదేశంలోనూ కొత్త కార్ల నుంచి కార్బురేటర్, దానితోపాటు చోక్ తొలగిపోయాయి. దొంగతనాలను అరికట్టడానికి తాళంచెవిలోని చిప్‌ను గుర్తిస్తే తప్ప ఇంజన్‌ను అందుకోనివ్వని ఇమ్మొబిలైజర్‌ను 1998లో జర్మనీ, బ్రిటన్‌లు కొత్త కార్లకు తప్పనిసరి చేశాయి; జేబులోని తాళాన్ని రేడియో సంకేతంతో గుర్తించే బటన్ స్టార్ట్ ఆ మార్గంలో తరువాతి మెట్టు.

ఇన్ని మార్పుల తరువాత మిగిలిన సరైన పద్ధతి క్లుప్తమైనది. మాన్యువల్ కారైతే గేరు న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ తొక్కాలి, ఆటోమేటిక్ అయితే పార్క్ స్థానంలో ఉంచి బ్రేకు తొక్కాలి. ఇగ్నిషన్ ఆన్ చేశాక హెచ్చరిక దీపాలు వెలగడం గమనించి, డీజిల్ కారైతే సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగి, యాక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేయాలి. ఆయిల్ దీపం ఆరిన తరువాత కొద్ది క్షణాలు ఆగి, ఇంజన్ వేడెక్కేవరకు నెమ్మదిగా నడపడమే మేలు. మూసిన గ్యారేజీలో నిలిపి వేడిచేయడం కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు వల్ల ప్రాణాంతకం. యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కడం, నిమిషాల తరబడి ఇంజన్‌ను నిలిపి ఉంచడం కార్బురేటర్ కాలంలో నేర్పు అనిపించుకున్నాయి. ఆ యంత్రం కనుమరుగైన తరువాత అవి ఇంధనాన్ని వృథా చేసే అలవాట్లు మాత్రమే.