ఉప్పు వెల, ఉప్పర వృత్తి: వలసపాలనలో తెలుగునాట ఒక చవక సరకు ప్రియమైన తీరు

ప్రవేశిక

తెలుగు నుడికారంలో ఉప్పుకు రెండు విలువలున్నాయి. ‘తిన్న ఇంటి ఉప్పు’ అన్నప్పుడు అది తీర్చుకోవలసిన ఋణం; ‘ఉప్పూ పప్పూ’ అన్నప్పుడు ఇంటింటా ఉండే మామూలు దినుసు. వేమన ఉప్పును కర్పూరంతో పోల్చిన పద్యానికి బలం చేకూరడానికి ఒక కారణం ఉప్పు అందరికీ అందే సరకు కావడమే. తీరంలో ఎండ, గాలి, సముద్రపు నీరు. లోపలి సీమలో చవిటినేల, మంచినీరు. ఉప్పు తయారీకి కావలసిన ప్రకృతి వనరులు ఇంతే. అటువంటి సరకు వలసపాలనలో తయారీ ఖర్చుకు ఎన్నో రెట్ల ధర పలికింది. దీనికి చరిత్ర గ్రంథాలు సాధారణంగా పన్నును కారణంగా చూపుతాయి. ఆ సమాధానం సరైనదే గాని సంపూర్ణం కాదు. ప్రజలు తమకు తాముగా ఉప్పు చేసుకోవడాన్ని నేరంగా మార్చిన నిషేధమే ఆ పన్నును నిలబెట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలన మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు పరిమితం.

ధర నడిచిన దారి

ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పుపై గుత్తాధిపత్యం నెలకొల్పింది. ఉప్పుమళ్ళలో పండిన ఉప్పును కంపెనీకే అప్పగించాలి. దానిని కొటార్లలో నిలవచేసి కంపెనీ తాను నిర్ణయించిన ధరకు అమ్మేది. పండించినవారి చేతికి వచ్చిన సొమ్ముకూ, కొన్నవారు చెల్లించిన సొమ్ముకూ నడుమనున్న అంతరంలో అధికభాగం సర్కారు రాబడి. 1876లో ఉప్పు రాబడిపై విచారణ సంఘం ఏర్పడింది. ఆ తరువాత ప్రవేశపెట్టిన ఎక్సైజు పద్ధతిలో లైసెన్సు పొందిన తయారీదారు సుంకం చెల్లించి తన ఉప్పును తానే అమ్ముకోవచ్చు. పద్ధతి మారినా పై అంతరం అలాగే ఉండిపోయింది.

ఇకపై వచ్చే అంకెలలో మణుగు అంటే 82 పౌన్ల పైచిలుకు, అనగా సుమారు 37 కిలోల సర్కారు మణుగు. తెలుగు జిల్లాల వాడుకలోని చిన్న మణుగు కాదు. ధాత కరువు దెబ్బనుంచి జనం ఇంకా తేరుకోని 1877 డిసెంబరులో, మద్రాసులో మణుగుకు 1 రూపాయి 13 అణాలుగా ఉన్న సుంకాన్ని 2 రూపాయల 8 అణాలకు పెంచారు. రాష్ట్రాల నడుమ రేట్ల తేడా తగ్గించడం సర్కారు చూపిన కారణాలలో ఒకటి. 1882లో అది 2 రూపాయలకు తగ్గి, 1888లో తిరిగి 2 రూపాయల 8 అణాలకు చేరింది.

తలకు లెక్కిస్తే ఉప్పు పన్ను ఏడాదికి కొన్ని అణాలేనని, ఆ భారం ఎవరికీ తెలియదని పాలకులు వాదించేవారు. 1903 నుంచి 1907 వరకు దశలవారీగా సుంకాన్ని 1 రూపాయికి తగ్గించినప్పుడు ఉప్పు వాడకం పెరిగింది. ఉప్పు వంటి సరకును ఎవరూ సరదాకు ఎక్కువ తినరు. కాబట్టి పెరిగిన వాడకాన్ని, అంతకుముందు జనం తమ కూటిలోను, పశువుల మేతలోను చేసుకున్న కోతకు సాక్ష్యంగా గ్రహించడం సమంజసం. అయినా 1923లో కేంద్ర శాసనసభ తిరస్కరించిన పెంపును వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో అమలుచేశాడు. సుంకం 1 రూపాయి 4 అణాలనుంచి రెట్టింపై, మరుసటి ఏడు పూర్వపు రేటుకు దిగివచ్చింది. 1930లో గాంధీ వేసిన లెక్క ప్రకారం మణుగు ఉప్పు అసలు ధర 10 పైసలు, దానిపై పన్ను 240 పైసలు. పాత నాణెపు లెక్కలో అణాకు 12 పైసలు గనుక ఈ పన్ను సరిగ్గా 1 రూపాయి 4 అణాలు, అసలు ధరకు 24 రెట్లు.

చవిటి ఉప్పు, ఉప్పరులు

తన విలువకు 24 రెట్ల పన్ను మోసే సరకును, దానిని సొంతంగా చేసుకోగలవారు ఎందుకు కొంటారు? రాయలసీమ చరిత్రలో దీనికి సమాధానం దొరుకుతుంది. బళ్ళారి, అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలలో చవిటిమన్నును గోకి, పోగుచేసి, దానిపై నీరు పోసి, ఊరిన ఉప్పునీటిని మళ్ళలో ఎండబెట్టి ఉప్పు తీసేవారు. ఉప్పరులకు ఇది కులవృత్తి. కన్నడంలో ‘ఉప్పార’, తమిళంలో ‘ఉప్పిలియన్’ అనే పేర్లు కూడా ఈ వృత్తినే సూచిస్తాయి.

తీరపు ఉప్పుకంటే చవిటి ఉప్పు నాసి. అయితే అది ఊళ్ళోనే దొరికేది. తీరపు ఉప్పు ధరలో సుంకంతోపాటు రవాణా ఖర్చు, వ్యాపారి లాభం కలిసేవి. లంబాడీల ఎద్దుల పెరికెలపై ఎక్కువగా వచ్చిన ఆ ఉప్పు తరువాతి కాలంలో రైలుపై వచ్చింది. సుంకం పెరిగేకొద్దీ చవిటి ఉప్పు జనానికి ఊరట, సర్కారు రాబడికి గండి అయింది. అందుచేతనే 19వ శతాబ్ది చివరి దశకాలలో చవిటి ఉప్పు తయారీని అణచివేశారు. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం లైసెన్సులేని తయారీని శిక్షార్హం చేసింది. ఉప్పరులు చెరువులు తవ్వే పనికి, కట్టలు పోసే పనికి మళ్ళారు. వృత్తి పోయినా కులనామంలో ఉప్పు మిగిలింది. ప్రభుత్వ లెక్కలలో సుంకం రూపాయలలో కనిపిస్తుంది. ఈ నష్టానికి అటువంటి పద్దు లేదు.

పాటలో, ఒడంబడికలో

గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ గీతం ఉప్పు సత్యాగ్రహానికి దాదాపు పదేళ్ళు ముందటిది. అందులోని ఉప్పు ప్రస్తావన సుంకం రేటును గురించినది కాదు. ఉప్పును తాకడానికే అడ్డువచ్చిన అధికారాన్ని గురించినది. జనానుభవంలో పన్నుకంటె నిషేధమే ముందు నిలిచిందనడానికి ఈ గీతం ముఖ్యమైన ఆధారం. 1930లో చొల్లంగి, దేవరంపాడు వంటి చోట్ల సత్యాగ్రహులు ధిక్కరించినది కూడా ఈ నిషేధాన్నే.

1931 మార్చి నాటి గాంధీ–ఇర్విన్ ఒడంబడిక దీనిని మరింత స్పష్టం చేస్తుంది. సుంకం రద్దు కాలేదు. ఉప్పు దొరికే చోట్లకు ఆనుకొని ఉన్న గ్రామాలవారు ఇంటి వాడకానికి, ఆ గ్రామాలలోనే అమ్మకానికి ఉప్పు చేసుకోవచ్చునని, వెలుపలివారికి అమ్మరాదని మాత్రం అంగీకరించారు. అంటే ఊరి పొలిమేర దాటితే పాత ధరే. పన్ను రద్దయినది 1947 ఏప్రిల్ 1న.

ముగింపు

పై ఆధారాలనుబట్టి, తెలుగు జిల్లాలలో ఉప్పు ప్రియం కావడానికి ఆ సరకు కొరత కారణం కాదని, చవకగా లభించే మార్గాన్ని చట్టంతో మూసివేయడం ప్రధాన కారణమని చెప్పవచ్చు. ఉప్పు పోరాట చరిత్రను 1930 నాటి తీరప్రాంత శిబిరాలతో మొదలుపెడితే, అంతకు నాలుగు దశాబ్దాల ముందే వృత్తిని పోగొట్టుకొన్న రాయలసీమ ఉప్పరులు ఆ చరిత్రకు వెలుపలే ఉండిపోతారు. సామెతలు, కులనామాలు, వృత్తిపదాలను సర్కారు రికార్డులతో జోడించి చదివితే వారి చోటు వారికి దక్కుతుంది.