చర్చిలో పుట్టిన రేడియో: మైకు ఎవరిది, భాష ఎవరిది?



మన భాషల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా "మనకంటూ ఒక రేడియో ఉంటే ఎంత బాగుండు" అనే మాట వస్తూనే ఉంటుంది. కోయ, గోండి, సవర, కువి... ఏ భాష వాళ్ళమైనా ఇదే కోరిక. అందుకే ఊరి రేడియో అనేది అసలు ఎక్కడ, ఎలా మొదలైందో ఈసారి చూద్దాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. అక్కడ బొయాకా కొండల్లో సుతతెన్సా అనే చిన్న ఊరు. 1947లో ఆ ఊరి చర్చికి హోసే హోకిన్ సాల్సెదో అనే యువ ఫాదర్ వచ్చాడు. కొండ వాలుల మీద దూరం దూరంగా విసిరేసినట్టు ఇళ్ళు, బడికి పోవాలంటే గంటల నడక. రైతుల్లో చాలామందికి చదువు రాదు. మన ఏజెన్సీ గూడేలు గుర్తొస్తున్నాయి కదా! మనుషులు బడికి రాలేకపోతే బడినే ఇంటికి పంపాలని సాల్సెదో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టాడు. దాని శక్తి వంద వాట్లు కూడా లేదు. అదే రేడియో సుతతెన్సా.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, వినేవాళ్ళని వాళ్ళ మానాన వదిలేయలేదు. సాయంత్రం ఒక ఇంట్లో పదిమంది చేరేవాళ్ళు. ఒక బ్యాటరీ రేడియో, ఒక నల్లబల్ల, సుద్దముక్క, వాచకం. ఆ ఊళ్ళోనే కాస్త చదువు వచ్చిన ఒకరు పక్కన నిలబడి, రేడియోలో టీచర్ చెప్పిన అక్షరాన్ని బల్ల మీద రాసి చూపించేవారు. అక్షరాలు, లెక్కలతో పాటు ఆరోగ్యం, సాగు, పొదుపు కూడా నేర్పేవారు. ఇది దేశమంతా పాకింది. 1958లో రైతుల కోసం 'ఎల్ కాంపెసీనో' అనే పత్రిక కూడా మొదలైంది. చదువు నేర్చుకున్న రైతులు స్టేషన్‌కి రాసిన ఉత్తరాలు పది లక్షలు దాటాయి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేతులు రాసిన ఉత్తరాలు అవి.

ఇంతవరకు గొప్పే. కానీ ఇంకో వైపు కూడా చూడాలి.

ఆ రైతులకు ఇచ్చిన రేడియోలు ఒక్క స్టేషన్ మాత్రమే పలికేలా తయారు చేసినవి. చెవి ఊరిది, మాట స్టేషన్‌ది. ఏ పాఠం చెప్పాలో పైన కూర్చున్నవాళ్ళే తేల్చేవాళ్ళు. ఇక భాష సంగతి. ఆ లోయ ఒకప్పుడు ముయిస్కా ఆదివాసుల నేల. 1770లో స్పెయిన్ రాజు తన వలస రాజ్యాల్లో ఆదివాసీ భాషలను తుడిచిపెట్టి స్పానిష్ ఒక్కటే నడవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ శతాబ్దంలోనే ముయిస్కా మాట్లాడేవాళ్ళు కనుమరుగయ్యారు. రేడియో వచ్చేసరికి ఆ భాష ఊర్ల పేర్లలో మాత్రమే మిగిలింది. ఎంత మంచి రేడియో అయినా, పోయిన భాషను మళ్ళీ నోట్లోకి తేలేదు కదా. చివరికి అప్పులు పెరిగి, 1989లో స్టేషన్‌ను ఒక ప్రైవేటు రేడియో కంపెనీకి అమ్మేశారు.

ఇప్పుడు అదే ఖండంలో ఇంకో కథ. బొలీవియాలో సిగ్లో వెయింతె అనే తగరం గని ఉంది. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది కెచువా ఆదివాసులు. 1952 విప్లవం తర్వాత గనుల్లో యూనియన్లు సొంతంగా రేడియోలు పెట్టుకున్నాయి. కార్మికులే తమ కూలిలోంచి కొంత తీసి వాటిని నడిపారు. ఈ యూనియన్ల మీద కమ్యూనిస్టుల ప్రభావం పెరిగిపోతోందని, దానికి పోటీగా 1959లో చర్చి ఫాదర్లు అక్కడే 'రేడియో పీయో దోసె' మొదలుపెట్టారు. అంటే యూనియన్ మాటకు అడ్డుకట్ట వేయడానికి వచ్చిన రేడియో అన్నమాట.

కానీ ఏళ్ళు గడిచేకొద్దీ కథ తిరగబడింది. రోజూ గని మనుషుల మధ్య బతుకుతూ, వాళ్ళ ఆకలి, దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు చూసిన ఫాదర్లు మారారు. రేడియోలో కార్మికుల గొంతు, కెచువా మాట వినపడసాగాయి. 1967 జూన్ 24న, సాన్ హువాన్ పండగ రాత్రి తెల్లవారుతుండగా, సైన్యం ఆ గని బస్తీ మీద కాల్పులు జరిపి కార్మికులను చంపింది. 1975 జనవరిలో సైనికులు గని రేడియోల మీద పడి పరికరాలు ఎత్తుకెళ్ళారు. యూనియన్లకు పోటీగా పెట్టిన చర్చి రేడియోను కూడా వదల్లేదు. ప్రభుత్వానికి ఇప్పుడు రెండూ ఒకటే.

మన దేశానికి వద్దాం. ఇక్కడ దారి చర్చి నుంచి కాక కోర్టు నుంచి, పొలం నుంచి వచ్చింది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోడానికి 2006 దాకా వీలు కాలేదు. ఆ మధ్యకాలంలో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళా రైతులు ఊరుకోలేదు. విత్తనాల గురించి, మందుల గురించి, పాటలు, ముచ్చట్లు తామే రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో క్యాసెట్లు వేసి వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. పుస్తకాల తెలుగు పక్కన పెట్టి, తమ పల్లె తెలుగులోనే మాట్లాడారు. లైసెన్సు రాకముందే వాళ్ళ దగ్గర మాట తయారుగా ఉంది.

ఈ మూడు కథలూ కలిపి చూస్తే మాకు అర్థమైంది ఇది. రేడియోను ఎవరు మొదలుపెట్టారు, ఏ గదిలో పెట్టారు అనేది మొదటి రోజు సంగతే. చర్చి పెట్టినా, సంఘం పెట్టినా, కాలేజీ పెట్టినా, దాని బతుకును తేల్చేవి మూడు: మైకు ఎవరి చేతిలో ఉంది, ఏ భాషలో మాట్లాడుతోంది, ఖర్చు ఎవరు మోస్తున్నారు.

టవర్, లైసెన్సు తర్వాత సంగతి. ఇవాళ మనందరి జేబుల్లో రికార్డు చేసే ఫోన్ ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వ చెప్పే కథ, పెద్దల పండగ పాట, అడవిలో చెట్ల పేర్లు మన భాషలోనే రికార్డు చేద్దాం. వాళ్ళని అడిగి, వాళ్ళు సరే అన్నాకే. ముయిస్కా పిల్లలకు ఆ అవకాశం దొరకలేదు. మనకింకా ఉంది.

మీ గూడెంలో ఎవరి గొంతు ముందు రికార్డు చేస్తారో కింద రాయండి. జోహార్!